గిటారిస్టు డ్వేన్ ఆల్మన్ అమెరికా రాక్ బృందం ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్‌లో వాయించింది రెండున్నరేళ్లే కదా, ఇంతకాలం తరవాత కూడా ఎందుకింతగా తలచుకుంటారు?

తంత్రీలోలుడు (కాకినాడ):

సభ్యులందరికీ నమస్కారం. నేను వీణ కచేరీలు వింటూ పెరిగినవాణ్ణి. రాక్ సంగీతంతో నాకున్న పరిచయమల్లా మా అబ్బాయి గదిలోంచి వినిపించేదే. పోయిన నెలలో వాడు నన్ను కూర్చోబెట్టి ఆల్మన్ బ్రదర్స్ బ్యాండ్ వారి 'ఎట్ ఫిల్మోర్ ఈస్ట్' వినిపించాడు. 1971 మార్చి 12, 13 తేదీలలో న్యూయార్కులో జరిగిన కచేరీల నుంచి కూర్చిన రెండు రికార్డుల సంపుటం అది. చివరి పాట 'విప్పింగ్ పోస్ట్' ఒక్కటే దాదాపు ఇరవై మూడు నిమిషాలు నడుస్తుందని తెలిసి మొదట బెదిరాను కాని, రాగం తానం పల్లవి వినే ఓపిక ఉన్నవాడికి అది పెద్ద పరీక్ష కాదని త్వరలోనే అర్థమయింది.

నా సందేహాలు రెండు. ఆ బృందంలో డ్వేన్ ఆల్మన్, డికీ బెట్స్ అని ఇద్దరు ప్రధాన గిటారిస్టులున్నారు కదా, ఏ వాయింపు ఎవరిదో గుర్తుపట్టడం ఎలా? బృందం ఏర్పడింది 1969 మార్చిలో, డ్వేన్ మరణించింది 1971 అక్టోబరు 29న. ఇరవై అయిదో పుట్టినరోజు కూడా చూడని మనిషి గురించి ఇన్నేళ్ల తరవాత కూడా అభిమానులు ఇంత ఆర్తిగా మాట్లాడుకోవడానికి కారణం అకాలమరణం మీద జాలేనా, లేక సంగీతంలోనే అంత విషయం ఉందా?

నడిరేయి శ్రోత (హైదరాబాదు):

మీ మొదటి సందేహానికి దగ్గరి దారి ఉందండి. ఆ సంపుటంలో తీగల మీద గాజు గొట్టం జారుతున్న నాదం (దీన్నే స్లైడ్ అంటారు) వినిపిస్తే, అది డ్వేన్. మొదటి పాట 'స్టేట్స్‌బరో బ్లూస్' తొలి క్షణంలోనే ఆ గొంతు పలుకుతుంది. గొంతు అనే మాటను కావాలనే వాడుతున్నాను. ఇక 'ఇన్ మెమరీ ఆఫ్ ఎలిజబెత్ రీడ్' అనే వాద్యరచన బెట్స్‌ది. అందులో మొదటి సోలో బెట్స్ వాయిస్తాడు, తరవాత తమ్ముడు గ్రెగ్ ఆర్గాన్ వస్తుంది, ఆపైన డ్వేన్ అందుకుంటాడు. ఈ వరుస తెలుసుకుని రెండుసార్లు వింటే ఇద్దరి నడకలోని తేడా మీకే పట్టుబడుతుంది: బెట్స్ గుండ్రంగా, పాటలాగా అల్లుకుపోతాడు, డ్వేన్ చిన్న పలుకుతో మొదలుపెట్టి, దాన్నే తిప్పితిప్పి చెబుతూ, ఇక ఆగలేని స్థితికి మనల్ని చేరుస్తాడు.

స్లైడ్ అతడికి అబ్బిన తీరు అభిమానులందరికీ కంఠస్థం. ఒక పుట్టినరోజున జలుబుతో పడి ఉన్న అన్నకు గ్రెగ్ రెండు వస్తువులు తెచ్చి ఇచ్చాడట: తాజ్ మహల్ అనే బ్లూస్ గాయకుడి తొలి ఆల్బమ్, కోరిసిడిన్ అనే జలుబు మాత్రల సీసా. ఆ ఆల్బమ్‌లో జెస్సీ ఎడ్ డేవిస్ వాయించిన స్లైడ్ విని డ్వేన్ మాత్రలు ఒలకబోసి, సీసాకున్న కాగితాన్ని కడిగేసి, దాన్ని ఉంగరపు వేలికి తొడుక్కుని సాధన మొదలుపెట్టాడు. పైన చెప్పిన 'స్టేట్స్‌బరో బ్లూస్' ఆ ఆల్బమ్‌లో ఉన్న పాటే.

బృందం పుట్టకముందే అతడు అలబామాలోని మజిల్ షోల్స్‌లో ఫేమ్ స్టూడియోలో కిరాయి వాద్యకారుడిగా పనిచేశాడు. 1968 చివర సోల్ గాయకుడు విల్సన్ పికెట్ అక్కడికి వచ్చినప్పుడు, బీటిల్స్ వారి 'హే జూడ్' పాడమని సూచించింది ఇతడే. ఆ పాట చివర పికెట్ కేకలకు దీటుగా సాగే గిటారును కారులో రేడియోలో విన్న ప్రసిద్ధ బ్రిటిష్ గిటారిస్టు ఎరిక్ క్లాప్టన్ ఆ వాయించినవాడెవరో తెలుసుకోకుండా ఉండలేకపోయాడు. 1970లో మయామీలో ఇద్దరూ కలుసుకోవడం, క్లాప్టన్ బృందపు 'లైలా' ఆల్బమ్‌లో డ్వేన్ పాలుపంచుకోవడం ఆ తరవాతి కథ. లైలామజ్నూల కథ మనకు కొత్తది కాదు కనుక ఆ పాటకు పేరెలా వచ్చిందో చెప్పనక్కరలేదు. పాట చిట్టచివర వినిపించే పిట్ట కూతలు మాత్రం శ్రద్ధగా వినండి. మెట్లు అయిపోయిన తరవాత కూడా, తీగ మీద ఇంకా పైకి గాజును జరిపి డ్వేన్ పలికించినవి అవి.

జాలి సంగతి అడిగారు. జాలి ఉంటుంది, కాదనను. కాని జాలితో ఎవరూ ఒకే సోలోను నలభై ఏళ్లు వినరు.

మేకన్ దారి (అట్లాంటా):

నేను జార్జియా రాష్ట్రంలో ఉంటున్నాను. అట్లాంటా నుంచి మేకన్ దాదాపు గంటన్నర ప్రయాణం. బృందం జాక్సన్‌విల్‌లో పుట్టినా, కేప్రికార్న్ రికార్డ్స్ నడిపిన ఫిల్ వాల్డెన్ పిలుపు మీద మేకన్‌కు వచ్చి స్థిరపడింది. వైన్‌విల్ అవెన్యూలో వారు కుటుంబాలతో కలిసి ఉన్న 'బిగ్ హౌస్' ఇప్పుడు మ్యూజియం. డబ్బులేని రోజుల్లో ఇద్దరికి సరిపడా తిండి కొని ఆరుగురూ పంచుకోబోతే, హెచ్ అండ్ హెచ్ భోజనశాల యజమానురాలు లూయీజ్ హడ్సన్ చూడలేక అందరికీ విడివిడిగా వడ్డించిందని చెబుతారు. తెల్లవారూ నల్లవారూ కలిసి కూర్చోవడాన్ని ఇంకా సహించని ఊళ్లున్న 1969 నాటి దక్షిణాదిలో, జైమో అనే నల్లజాతి డ్రమ్మరుతో కలిసి ఆ అయిదుగురు తెల్లవారు ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వేదిక ఎక్కారన్నది కూడా వారి సంగీతచరిత్రలో భాగమే.

రోజ్ హిల్ శ్మశానవాటిక ఓక్మల్గీ నది ఒడ్డున, మెట్లుమెట్లుగా దిగే కొండవాలు మీద ఉంటుంది. డ్వేన్, బాసిస్టు బెరీ ఓక్లీ అక్కడ పక్కపక్కనే ఉన్నారు. డ్వేన్ మోటారుసైకిలు ప్రమాదంలో పోయిన ఏడాదికి, 1972 నవంబరు 11న, ఆ ప్రమాదం జరిగిన చోటికి మూడు వీధుల దూరంలోనే ఓక్లీ కూడా మోటారుసైకిలు ప్రమాదానికే గురయ్యాడు. అతడి వయస్సు కూడా 24 ఏళ్లే. 2017లో గ్రెగ్ వారి దగ్గరికి చేరాడు. నేను వెళ్లిన రోజున ఎవరో కంచె దగ్గర గిటారు మీటే బిళ్లలు, రెండు పీచ్ పళ్లు పెట్టి వెళ్లారు. ఎలిజబెత్ రీడ్ సమాధి కూడా ఆ వాలులోనే ఉంది. రాతి మీద పేరు చూసే బెట్స్ తన రచనకు ఆ పేరు పెట్టాడు.

ఒక అపోహ తీర్చాలి. డ్వేన్‌ను బలిగొన్న లారీలో పీచ్ పళ్లున్నాయనీ, అందుకే 1972 ఆల్బమ్‌కు 'ఈట్ ఎ పీచ్' అని పేరు పెట్టారనీ ఇప్పటికీ కొందరు చెబుతారు. అది కట్టుకథ. విప్లవానికి మీరేం చేస్తున్నారని ఒక ఇంటర్వ్యూలో అడిగినప్పుడు, జార్జియా వచ్చినప్పుడల్లా శాంతి కోసం ఒక పీచ్ పండు తింటానని డ్వేన్ చమత్కరించాడు. పేరు ఆ మాటలోంచి వచ్చింది.

రెండో గిటారు (బెంగళూరు):

పై ఇద్దరితోనూ నాకు కొంత పేచీ ఉంది. డ్వేన్‌ను ఒంటరి మేధావిగా నిలబెడితే అతడికే అన్యాయం చేసినవాళ్లమవుతాం. తన పక్కన తనతో సమానుడైన మరో గిటారిస్టు ఉండాలని కోరుకున్నది అతడే. రెండు గిటార్లూ ఒకే వరుసను మూడు స్వరాల ఎడంతో జంటగా వాయించే పద్ధతి ఇద్దరిదీ. 2024 ఏప్రిల్‌లో బెట్స్ మరణించినప్పుడు వచ్చిన నివాళులలో సగం డ్వేన్ గురించే ఉండటం నాకు బాధ కలిగించింది.

'సదరన్ రాక్' అనే ముద్ర కూడా అలాంటిదే. రాక్ పుట్టిందే దక్షిణాదిలో కనుక ఆ మాటకు అర్థం లేదని గ్రెగ్ అనేవాడు. డ్వేన్ పదేపదే విన్నది జాజ్ విద్వాంసులు మైల్స్ డేవిస్‌నూ జాన్ కోల్ట్రేన్‌నూ. కార్డులు (కలిపి పలికించే స్వరాల గుంపులు) గబగబ మారకుండా ఒకే స్వరసముదాయం మీద చాలాసేపు నిలబడి అల్లుకుపోవడం వారి దగ్గర నేర్చినదే. వీణ వినేవారికి అది పరాయిగా తోచకపోవడానికి కారణమూ అదే కావచ్చు.

తంత్రీలోలుడు (కాకినాడ):

ముగ్గురికీ కృతజ్ఞతలు. చెప్పిన వరుసలో ఈ వారమంతా మళ్లీ విన్నాను.

మనం జారు అని పిలుచుకునే గమకమే అతడి వాయింపుకు ఊపిరి అని ఇప్పుడు తోస్తున్నది. గోటువాద్యంలో మెట్లు ఉండవు, తీగ మీద నునుపైన దిమ్మెను జరిపి వాయిస్తారు. స్వరస్థానం చెవికి తెలియాలే తప్ప వేలికి ఆనవాలు ఉండదు. గిటారుకు మెట్లున్నా గాజు వాటికి ఆనకుండా పైపైన సాగుతుంది కనుక ఆ కష్టం ఇక్కడా ఉన్నదే. డ్వేన్ స్వరం మీదికి కింది నుంచి వచ్చి, అందుకున్నాక సన్నగా ఊపి, వాక్యం ముగిశాక ఊపిరి పీల్చుకున్నంతసేపు ఆగుతాడు. నడిరేయి శ్రోతగారు గొంతు అన్నది అందుకేనని గ్రహించాను. రెండో గిటారు గారి పేచీ కూడా న్యాయమే. 'ఎలిజబెత్ రీడ్'లో ఇప్పుడు నాకు బెట్స్ వాయించిన భాగమే ఎక్కువ నచ్చుతున్నది.

'విప్పింగ్ పోస్ట్' ప్రారంభంలో నా తాళం తప్పుతూ వచ్చింది. నాలుగోసారికి తొడ మీద లెక్కపెడితే మూడు, మూడు, మూడు, రెండు, మొత్తం పదకొండు అని తేలింది. మావాడు నవ్వి ఒక సంగతి చెప్పాడు: పాట రాసిన గ్రెగ్‌కు కూడా అది పదకొండని తెలియదట. నీకు పదకొండు మాత్రల తాళం తెలుసని నేననుకోలేదని డ్వేన్ మెచ్చుకుంటే, అదేమిటని తమ్ముడు తెల్లబోయాడట.

ఇంకొక్క ప్రశ్న. మావాడు స్లైడ్ నేర్చుకుంటానంటున్నాడు. ఆ మందు సీసా ఎక్కడైనా దొరుకుతుందా?

నడిరేయి శ్రోత (హైదరాబాదు):

ఆ మందు గాజు సీసాలలో రావడం ఎప్పుడో ఆగిపోయిందండి. అదే ఆకారంలో చేసిన గాజు స్లైడ్లను సంగీత వాద్యాల దుకాణాలు అమ్ముతాయి, ఆన్‌లైన్‌లోనూ ఉంటాయి. తీసుకునేముందు ఉంగరపు వేలికి వదులుగా లేకుండా సరిపోతుందో లేదో చూడమనండి. తీగలను 'ఓపెన్ E' శ్రుతికి (మెట్లు నొక్కకుండా మీటితేనే E మేజర్ కార్డు పలికేలా) కట్టుకోమనండి. డ్వేన్ ఎక్కువగా వాడింది అదే. గిటారు కోసం మాత్రం తొందరపడవద్దు. 'లైలా'లో అతడు వాయించిన 1957 నాటి గిబ్సన్ లెస్ పాల్ 2019లో వేలానికి వస్తే పన్నెండున్నర లక్షల డాలర్లు పలికింది.