పీఎల్‌ఎఫ్‌ఎస్ డేటాలో గిగ్ వర్కర్లు ఎక్కడున్నారు? తల పగిలిపోతోంది

నిద్రలేని_స్కాలర్: కేంద్రం చేసే ఉపాధి సర్వే (పీఎల్‌ఎఫ్‌ఎస్) డేటాతో రాత్రి పదింటికి కూర్చున్నా, తెల్లారిపోయింది. తెలంగాణ గిగ్ వర్కర్లు, అంటే యాప్‌లో ఆర్డర్ పడితే పని చేసే డెలివరీ వాళ్లలాంటివాళ్లు, నా లెక్కలో రెండొందలు కూడా రావట్లేదు. మా వీధి చివర బిర్యానీ హోటల్ ముందే రోజూ ఇరవై బండ్లుంటాయి! నీతి ఆయోగ్ 2020-21కే దేశంలో 77 లక్షలంది. ప్రోగ్రామ్ మూడుసార్లు చూసుకున్నా, తప్పేం లేదు. ఎల్లుండి గైడ్‌కి చూపించాలి. ప్లీజ్.

జల్లెడ: వెయిట్ వేశారా?

పదాల_పిచ్చి: ముందు మాట తేల్చండి. గిగ్ అంటే వాద్యగాళ్లు ఒక రాత్రికి ఒప్పుకునే కచేరీ. మనకి అడ్డా కూలీ అనే చక్కటి మాట ఉండగా ఇదెందుకు? పైగా 2020 సామాజిక భద్రతా కోడ్‌లో గిగ్ వర్కర్, ప్లాట్‌ఫామ్ వర్కర్ అని రెండు వేరు నిర్వచనాలున్నాయి. మీరు లెక్కిస్తున్నది ఎవర్ని?

రెండు_యాపులు: అడ్డా కూలీ అంటే ఒప్పుకోను సార్. అతనికి సాయంత్రానికి మాట్లాడుకున్న కూలి వస్తుంది. నాకు ఆర్డర్ పడితేనే డబ్బు. పెట్రోలు నాది, బండి ఈఎంఐ నాది. యాప్‌లో మాత్రం పార్ట్‌నర్ అంటారు.

పదాల_పిచ్చి: ఏ లాభంలో పార్ట్‌నరో!

జల్లెడ: ఆ తగువు తర్వాత. ఏ ఏడాది ఫైలు? స్టేటస్ కోడ్ ఏది?

నిద్రలేని_స్కాలర్: చెప్పలేదా? 2023-24. స్టేటస్ 51, క్యాజువల్ లేబర్. పరిశ్రమ కోడ్లు 49 (నేల మీద రవాణా), 53 (పోస్టు, కొరియర్). వెయిట్ అంటే ఫైల్లో మల్టిప్లయర్ అని ఉన్న నిలువు వరసా? పెద్ద పెద్ద అంకెలు చూసి ఏదో ఐడీ అనుకుని తీసేశా.

జల్లెడ: అదీ సంగతి. మీరు లెక్కపెట్టింది శాంపిల్‌లో పడ్డ మనుషుల్ని. వాళ్లలో ఒక్కొక్కరూ బయట ఎంతమందికి లెక్కో ఆ వెయిట్ చెబుతుంది. ఫైల్లోని ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అనే రెండు అంకెలు సమానమైతే మల్టిప్లయర్‌ని 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది అంచనాకి క్వార్టర్ల సంఖ్యతో కూడా. ఫైలుతో వచ్చే రీడ్‌మీ చదవండి. ఇంకోటి, డెలివరీ వాళ్లు ఎక్కువగా 11లో, సొంత పనివాళ్లలో పడతారు. 11 తీసుకుంటే మామూలు ఆటోవాళ్లూ వచ్చేస్తారు, ఎందుకంటే యాప్ మీద పనా కాదా అని ఆ సర్వేలో అడగనే లేదు. ఆ 77 లక్షలూ తలలు లెక్కపెట్టింది కాదు. పరిశ్రమ, వృత్తి కోడ్లు తీసుకుని వయసు, చదువు లాంటివి చూసి వేసిన అంచనా.

రెండు_యాపులు: మరి నేనెక్కడ? పగలు షాపులో జీతం, రాత్రి ఏడు నుంచి రెండు యాపులు.

జల్లెడ: ప్రధాన పని 31, అంటే జీతం పని; ఉప పని 11. ప్రధానం ఒక్కటే చూస్తే మీరు లేరు. కంపెనీల లెక్కలు కలిపితే ఇద్దరున్నారు.

రెండు_యాపులు: ఈ-శ్రమ్‌లో, అదే అసంఘటిత కార్మికుల పోర్టల్‌లో, ఆధార్‌తో ఎక్కా, అక్కడ ఒక్కణ్నే 😀

నిద్రలేని_స్కాలర్: వెయిట్ వేశాక లక్షల్లోకి వచ్చింది, హమ్మయ్య. హైదరాబాద్ ఒక్కటే తీయొచ్చా?

జల్లెడ: వద్దు. ఆ శాంపిల్ రాష్ట్ర స్థాయికి తీసింది. జిల్లా అంకె నిలబడదు.

నిద్రలేని_స్కాలర్: నా థీసిస్ టైటిల్‌లోనే హైదరాబాద్ ఉంది... సరే, థాంక్స్, పడుకుంటా.

పదాల_పిచ్చి: ఇంతకీ గిగ్‌కి తెలుగు మాట ఎవరూ చెప్పలేదు.