కన్నవారే బిడ్డను ఎత్తుకెళితే క్రిమినల్ కేసు పెట్టాలా?

నీలాకాశం:
విడిపోయిన దంపతుల్లో ఒకరు, రెండోవారికి చెప్పకుండా బిడ్డను వేరే దేశానికి తీసుకుపోతే అది కిడ్నాపే. కన్నప్రేమ అని ఎంత సర్దిచెప్పినా, ఆ బిడ్డకు బడి, స్నేహితులు, అమ్మో నాన్నో ఒక్క రాత్రిలో దూరమవుతారు. శిక్ష భయం లేకపోతే ఎవరు ఆగుతారు?

తూర్పుగాలి:
ఆ భయం వెళ్ళేవారిని ఎంత ఆపుతుందో గాని, తిరిగి రావాలనుకునేవారిని మాత్రం కచ్చితంగా ఆపుతుంది. విమానం దిగగానే అరెస్టు తప్పదని తెలిస్తే బిడ్డను వెంటబెట్టుకుని ఎవరు వస్తారు? ఇలా దేశం దాటించిన బిడ్డలను వెనక్కి పంపడంపై దేశాలు కుదుర్చుకున్న 1980 నాటి హేగ్ ఒప్పందం దీన్ని సివిల్ వ్యవహారంగా చూసింది అందుకే కావచ్చు. 16 ఏళ్ళలోపు బిడ్డను అప్పటిదాకా పెరిగిన దేశానికి వెంటనే పంపాలి, కస్టడీ సంగతి అక్కడి కోర్టు తేలుస్తుంది. ఇందులో కాలమే ముఖ్యం. బిడ్డను తీసుకుపోయి ఏడాది దాటాక, వెనక్కి పంపమని దరఖాస్తు పడితే, బిడ్డ కొత్త చోట కుదురుకున్నాడని చూపించి అవతలివారు అడ్డుకోవచ్చు. పెద్దలతో మాట్లాడిద్దాం, కోపం తగ్గాక చూద్దాం అంటూ గడిపే నెలలన్నీ వారికే కలిసొస్తాయి. మాటలు సాగుతున్నా సరే, దరఖాస్తు ముందు వేయండి.

గడపదీపం:
ఇద్దరూ హింస మాటే ఎత్తలేదు. దెబ్బలు తిని బిడ్డతో పారిపోయిన తల్లిని నేరస్తురాలు అందామా? తిరిగి పంపితే బిడ్డకు తీవ్రమైన ముప్పు ఉందని రుజువైతే పంపనవసరం లేదని ఆ ఒప్పందంలోని 13వ అధికరణమే చెబుతోంది. కానీ రుజువు భారమంతా పారిపోయిన మనిషిదే. కట్టుబట్టలతో బయటపడినామె సాక్ష్యాలు ఎక్కడినుంచి తెస్తుంది? తల్లిని కొట్టడం చూస్తూ పెరిగే బిడ్డకు ముప్పు లేదంటే నేను ఒప్పుకోను.

తూర్పుగాలి:
అలాంటివారికి పారిపోకముందే రక్షణ ఉత్తర్వు, వేరే చోటికి మారే అనుమతి త్వరగా దొరకాలి. రెండోవైపు, బిడ్డను తీసుకుపోతారని అనుమానం ఉన్నవారు కూడా ముందే కదలాలి. ఉన్నట్టుండి ఉద్యోగం మానేయడం, ఇల్లు అమ్మకానికి పెట్టడం, బిడ్డ జనన ధ్రువపత్రం, బడి కాగితాలు తీసిపెట్టుకోవడం గమనించదగ్గవే. ఇద్దరి సమ్మతి లేనిదే ప్రయాణం కుదరదని కోర్టు ఉత్తర్వు తెచ్చుకుని, దాని నకలు బడిలో ఇవ్వండి. బిడ్డకు రెండు దేశాల పౌరసత్వం ఉంటే ఒక పాస్‌పోర్టు ఆపి ఊరుకుంటే చాలదు, రెండోది వాళ్ళ రాయబార కార్యాలయం ఇచ్చేయవచ్చు. ఒప్పందంలో చేరని దేశానికి చేరుకున్నాక మన చేతిలో మిగిలేది చాలా తక్కువ.

నీలాకాశం:
హింసనుంచి పారిపోయినవారిని శిక్షించమని నేనూ అనను. కోర్టు వద్దన్నాక కూడా తీసుకుపోయినవారిమీద కేసు ఉండాల్సిందే. బిడ్డను వెనక్కి తెస్తే ఆ కేసు ఎత్తేసే అధికారం జడ్జికి ఇవ్వండి, దానికి నాకు అభ్యంతరం లేదు.