గనుల జిల్లాకు ఐదేళ్ల ప్రణాళిక: ఖనిజం తగ్గాక కూడా పనికొచ్చే పనులు ఎలా ఎంచుకోవాలి?

ఎర్రమట్టి:
ఒడిశాలో కియోంఝర్ లాంటి ఇనుప ఖనిజం జిల్లాకు డీఎంఎఫ్ (గని యజమానులు కట్టే సొమ్ముతో నడిచే జిల్లా ఖనిజ ఫౌండేషన్) నిధులతో ఐదేళ్ల ప్రణాళిక తయారుచేయాలి. 2024లో సవరించిన పీఎంకేకేకేవై (ఈ నిధుల ఖర్చుకు కేంద్రం పెట్టిన పథకం) మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు, పర్యావరణం, ఉపాధి లాంటి ముఖ్య రంగాలకు పోవాలి. రోడ్లు, సాగునీరు, కరెంటు వంటివి మిగతా 30 శాతంలో సర్దుకోవాలి. ఇంతవరకు చిక్కు లేదు. కానీ బ్లాకుల నుంచి వస్తున్న ప్రతిపాదనలు చాలావరకు భవనాలు, సీసీ రోడ్లే. ఇంకోపక్క కొత్త ఫ్యాక్టరీలు వస్తున్నాయి, బయటి జనం దిగుతున్నారు, వేసవిలో నీళ్లకు కటకట. రాబోయే ఐదేళ్ల ఆదాయం ఎంత అని వేసుకోవాలి? పనుల జాబితా కంటే ముందు ఏ లెక్కలు తీయాలి? గనులు మూతపడే రోజు కోసం ఇప్పుడే ఏం చేసిపెట్టాలి?

లెక్కలపద్దు:
ఆదాయంతోనే మొదలుపెట్టండి. అక్కడ తప్పితే మిగతా ప్రణాళికంతా కాగితం మీదే ఉండిపోతుంది. చాలామంది గత మూడేళ్ల వసూళ్ల సగటు తీసి ఏటా కొంత పెంచుకుంటూ పోతారు. గనుల జిల్లాలో అది కుదరదు, ఎందుకంటే ఒకే గని నుంచి డీఎంఎఫ్‌కు వచ్చే వాటా లీజును బట్టి మారుతుంది. 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజు అయితే రాయల్టీలో (తవ్విన ఖనిజం మీద రాష్ట్రానికి కట్టే సొమ్ము) 30 శాతం, ఆ తర్వాత వేలంలో ఇచ్చినదైతే 10 శాతం.

ఉదాహరణకు టన్ను సగటు అమ్మకం ధర 3,000 రూపాయలు అనుకుందాం. ఇనుప ఖనిజం మీద రాయల్టీ 15 శాతం, అంటే 450. పాత లీజు నుంచి డీఎంఎఫ్‌కు టన్నుకు 135 రూపాయలు వస్తాయి, వేలం లీజు నుంచి 45. ఏడాదికి కోటి టన్నులు తీసే గని ఒకటి పాత పద్దులోంచి కొత్త పద్దులోకి మారితే 135 కోట్లు కాస్తా 45 కోట్లవుతాయి. గని అదే, తవ్వకం అదే, దుమ్మూ అదే. వేలంలో పాడిన ప్రీమియం పోయేది రాష్ట్ర ఖజానాకు, జిల్లా ఫౌండేషన్‌కు కాదు.

ఇది జరిగిన సంగతే. బయట అమ్ముకునే పాత లీజుల గడువు 2020 మార్చి 31తో ముగిసి చాలా గనులు వేలానికి వెళ్లాయి. ఆ తర్వాత ధరలు పెరగడంతో ఈ కోత చాలామంది కళ్లబడలేదు. సొంత ప్లాంట్ల కోసం తవ్వుకునే క్యాప్టివ్ లీజుల గడువు 2030 మార్చి 31. మీ ఐదేళ్లలోనే ఆ తేదీ పడుతుంది. అందుకని లీజుకొక వరుస చొప్పున పట్టిక వేయండి: లీజు రకం, గడువు తేదీ, అనుమతి ఉన్న ఉత్పత్తి, నిజంగా తీసిన టన్నులు, మిగిలిన నిల్వ. ప్రభుత్వ సంస్థల లీజులకు నిబంధనలు వేరు, వాటిని విడిగా పెట్టండి. ధర మామూలుగా ఉన్నప్పుడు ఎంత, మూడో వంతు పడిపోతే ఎంత అని రెండు అంచనాలు కట్టండి. జీతాలు, మందులు, కరెంటు బిల్లుల్లాంటి ఏటేటా ఖర్చులు తక్కువ అంచనాలోనే ఇమిడిపోవాలి. ధర బాగున్నప్పుడు వచ్చే మిగులుతో ఒకసారి పూర్తయ్యే పనులు మాత్రమే పెట్టుకోండి.

మూతపడే రోజు గురించి: ఏటా 10 కోట్లు, ఆపైన వసూలయ్యే డీఎంఎఫ్‌లు వసూళ్లలో 10 శాతం దాకా ఎండోమెంట్ నిధిగా (భవిష్యత్తు కోసం దాచే మూలనిధి) పక్కన పెట్టుకోవచ్చు. తవ్వకం ఆగిన ఊళ్లలో జీవనోపాధి కోసమే ఈ ఏర్పాటు. మొదటి ఏడాది నుంచే పూర్తి 10 శాతం పెట్టండి. "వచ్చే ఏడు చూద్దాం" అని వదిలేస్తే అది ఎప్పటికీ పడదు.

ఊటనీరు:
నా మటుకు ముందు నీళ్లు, ఆ తర్వాతే ఏదైనా. వైతరణి నది పుట్టేదే కియోంఝర్ కొండల్లోని గోనాసిక దగ్గర. గుట్ట పైభాగంలో ఖనిజం, దాని అంచుల్లో ఊటలు. గని గుంత భూగర్భజల మట్టం కంటే కిందికి దిగితే నీళ్లు తోడి బయటికి పంపాలి, దాంతో దిగువ ఊటలు చిక్కిపోతాయి. బోరు వేస్తే సరిపోతుందంటారు, కానీ ఊట మీద బతికే గుట్ట మీది పల్లెలో బోరు పడినా వేసవికి ఎండిపోయే అవకాశమే ఎక్కువ.

అందుకే బేస్‌లైన్ సర్వేలో (పనులకు ముందున్న స్థితిని నమోదుచేసే సర్వే) ప్రతి ఊటనూ నమోదు చేయించండి. ఖరీదైన పరికరం అక్కర్లేదు. కొలత తెలిసిన బకెట్, స్టాప్‌వాచ్ చాలు. ఊట నీళ్లను ఒక పైపులోకి మళ్లించి, బకెట్ నిండటానికి పట్టిన సమయం మూడుసార్లు చూసి సగటు తీసి, నిమిషానికి ఎన్ని లీటర్లో రాయాలి. 20 లీటర్ల బకెట్ 40 సెకన్లలో నిండితే నిమిషానికి 30 లీటర్లు. ఈ కొలత ఏప్రిల్, మే నెలల్లో తప్పకుండా జరగాలి. అక్టోబరులో ఒక్కసారి కొలిచి వదిలేసిన సర్వే ప్రతి ఊటనూ బాగున్నట్టే చూపిస్తుంది. తాగునీటి పరీక్షలో ఇనుము (పరిమితి లీటరుకు 1 మిల్లీగ్రాము) మామూలుగా చూస్తారు. జాజ్‌పూర్ జిల్లా సుకిందా లాంటి క్రోమైట్ (క్రోమియం ఖనిజం) ప్రాంతమైతే క్రోమియం పరీక్ష కూడా చేయించాలి. దాని పరిమితి 0.05 మిల్లీగ్రాములే.

ఫ్యాక్టరీలకు నీళ్లు కేటాయించేటప్పుడు నది సగటు ప్రవాహం కాదు, వేసవి ప్రవాహం చూడాలి. ఒక లెక్క చెప్తాను. కొత్త బొగ్గు విద్యుత్ కేంద్రం యూనిట్లకు అనుమతించిన నీటి వాడకం మెగావాట్-గంటకు 3 ఘనమీటర్లు. 1,000 మెగావాట్లు పూర్తి సామర్థ్యంతో నడిస్తే రోజుకు 7.2 కోట్ల లీటర్లు. పట్టణంలో మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున అది 5.3 లక్షల మంది వాడకం. ఈ రెండు అంకెలూ ఒకే పేజీలో పక్కపక్కన కనిపిస్తే తప్ప కేటాయింపు మీద సరైన చర్చ జరగదు.

ఇక లారీలు. ఏడాదికి కోటి టన్నులు రోడ్డు మీద పోతే, లారీకి 25 టన్నుల చొప్పున 4 లక్షల ట్రిప్పులు. 300 పనిదినాలకు పంచితే రోజుకు 1,333 లోడు బళ్లు, అన్నే ఖాళీ బళ్లు. పగలూ రాత్రీ కలిపి చూసినా 32 సెకన్లకొక లారీ. ఆ రోడ్డు పక్కన బడి కొత్త భవనానికి డబ్బు పెట్టే ముందు ఆ బడి అక్కడే ఉండాలా అన్నది తేల్చుకోండి.

ఎర్రమట్టి:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఒక సందేహం. లారీల కోసం ఊళ్లకు దూరంగా ప్రత్యేక రోడ్డు, గనుల దగ్గర దుమ్ము తగ్గించే పనులు, డంపుల చుట్టూ కాలువలు... వీటికి డీఎంఎఫ్ డబ్బు వాడవచ్చా? పర్యావరణం కిందకే వస్తాయి కదా.

గట్టుమీద:
వాడకూడదనే నేనంటాను. లీజు హద్దుల్లోపల నీళ్లు చల్లడం, ఓవర్‌బర్డెన్ (ఖనిజం పైనుంచి తీసిన పనికిరాని మట్టి, రాయి) డంపు చుట్టూ గార్లాండ్ డ్రెయిన్ (వాననీటి చుట్టుకాలువ), డంపు అడుగున రాతిగోడ, బురద నిలిచే గుంతలు, ఇవన్నీ పర్యావరణ అనుమతి షరతుల ప్రకారం గని యజమాని సొంత ఖర్చుతో చేయాల్సినవి. డీఎంఎఫ్ ఆ బరువు మోస్తే ఊరి డబ్బుతో కంపెనీ బాధ్యత తీర్చినట్టే. పైసా పెట్టకుండా మీరు చేయగలిగింది తనిఖీ తేదీలు నిర్ణయించడం. డ్రెయిన్లు కట్టే ఉంటాయి, కానీ గుంతల్లో పూడిక తీయరు. జూన్‌లో మొదటి గట్టి వాన పడగానే ఎర్రబురద పొర్లి కింది వరిమళ్లలో పరుచుకుంటుంది. పూడిక పడిన మడిలో మళ్లీ పంట నిలవడానికి ఏళ్లు పడుతుంది. మే 31 లోపు పూడిక తీసినట్టు ఫొటో, గుంత లోతు కొలత, కింది ఊరి వార్డు సభ్యుడి సంతకం ఉండాలని జిల్లా స్థాయిలో నియమం పెట్టించండి.

ప్రత్యేక రోడ్డు సంగతి వేరు, అది అవసరమే. కానీ డబ్బు రాష్ట్రం నుంచో, దాన్ని వాడే కంపెనీల నుంచో రావాలి. ఊళ్లు, బళ్లు, పొలాలు కలిపే రోడ్లకు మీ 30 శాతం ఉంచుకోండి. గనుల మూసివేత హామీ కూడా ఆధారంగా చాలదు. పెద్ద గనులకు హెక్టారుకు 5 లక్షల రూపాయలు, మిగతావాటికి 3 లక్షలు. అది గని నేలను చక్కదిద్దడానికి పెట్టిన హామీ, ఊరి బతుకుతెరువుకు కాదు.

లెక్కలపద్దు:
గట్టుమీద గారి మాటతో ఏకీభవిస్తున్నా. భవనాల ఒత్తిడి తగ్గించడానికి ఒక ఉపాయం. ప్రతిపాదన ఫారంలో రెండు గడులు కలపండి: "పదేళ్ల నిర్వహణ ఖర్చు", "అది ఏ శాఖ, ఏ పద్దు కింద భరిస్తుంది". రెండో గడి ఖాళీగా ఉంటే ఫారం వెనక్కి పంపండి. ఆసుపత్రి అయితే మంజూరైన డాక్టర్, నర్సు పోస్టుల ఉత్తర్వు నంబరు కూడా అడగండి. పోస్టులు లేకుండా 30 పడకల భవనం కడితే మిగిలేది తాళమే.

జనాభాకు 2011 లెక్కల మీద ఆధారపడకండి. బార్బిల్, జోడా లాంటి గనుల పట్టణాల్లో అద్దె ఇళ్లలో, కాంట్రాక్టరు షెడ్లలో ఉండేవాళ్లు దాంట్లో ఉండరు. ఇళ్ల కరెంటు కనెక్షన్లు, బడి నమోదులు, టీకాల రిజిస్టర్లు మూడూ పక్కపక్కన పెట్టి వార్డులవారీగా చూడండి. రెండేళ్లలో కనెక్షన్లు బాగా పెరిగి బడి నమోదు పెరగలేదంటే అక్కడికి వచ్చింది కుటుంబాలు కాదు, ఒంటరి కూలీలు. అక్కడ కావాల్సింది తరగతి గది కాదు, మరుగుదొడ్లు, నీళ్లు, క్షయ పరీక్షలు.

ఊటనీరు:
ఇంకొక్క మాట. మ్యాపు మీద గని చుట్టూ 15 కిలోమీటర్ల గీత గీస్తే అది నేరుగా ప్రభావిత ప్రాంతం, 25 కిలోమీటర్లు పరోక్షం. కనీసం 70 శాతం నిధులు మొదటి గీత లోపలే ఖర్చవ్వాలి. ఆ గీత మీద ఊళ్ల పేర్లు, ఊటల కొలతలు, లీజు గడువులు ఒకే షీటు మీదికి తెచ్చి ఒడియాలో ముద్రించి గ్రామసభలో గోడకు అతికించండి. హో, ముండారీ మాట్లాడే ఊళ్లలో చదివి వినిపించే మనిషిని ముందే ఏర్పాటు చేసుకోండి. ఊట ఎప్పుడు ఎండిందో సర్వే బృందం కంటే అక్కడి ఆడవాళ్లకే బాగా తెలుసు. ఆ సంవత్సరాన్ని వాళ్ల ముందే షీటు మీద రాసి, ఆ తర్వాతే పనుల జాబితాకు తీర్మానం అడగండి.