చిన్నప్పుడే బాప్తిస్మం అయిపోయింది, ఇప్పుడు మళ్లీ తీసుకోవాలా?

మసకవెలుతురు:
అందరికీ వందనాలు. నేను మూడు నెలల పసిపిల్లనప్పుడు మా అమ్మానాన్నలు నాకు బాప్తిస్మం ఇప్పించారు, తల మీద నీళ్లు చిలకరించి. ఫొటో కూడా ఉంది, గుక్కపట్టి ఏడుస్తున్నాను. తర్వాత చాలా ఏళ్లు చర్చికి అలవాటుగా వెళ్లానంతే, నిజంగా నమ్మింది 26 ఏళ్లప్పుడు. ఇప్పుడు మా ఆయనతో వెళ్తున్న సంఘంలో చిన్నపిల్లలకు బాప్తిస్మం ఇవ్వరు, ప్రతిష్ఠ ప్రార్థన చేస్తారు. నమ్మానని నోటితో ఒప్పుకున్నవాళ్లనే ముంచుతారు. సభ్యత్వానికీ, ప్రభువు బల్లకీ (రొట్టె, ద్రాక్షారసం తీసుకోవడానికి) అదే షరతు. పాస్టర్ గారు బలవంతం చేయట్లేదు గానీ, వచ్చే నెల బాప్తిస్మాలున్నాయి, పేరు రాయనా అమ్మా అని రెండుసార్లు అడిగారు.

నా బాధేంటంటే, ఇప్పుడు తీసుకుంటే మొదటిది చెల్లదని నేనే అన్నట్టవుతుంది కదా. అమ్మకి చెప్తే "అయితే మేం చేసింది ఉత్తదేనా" అంది, ఆ మాట మనసులోంచి పోవట్లేదు. ఎఫెసీ 4లో బాప్తిస్మం ఒక్కటే అని ఉంది మరి. ఇంకోటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది, నాకు నీళ్లంటే భయం. చిలకరిస్తే చాలదా?

పాతకీర్తన:
సిస్టర్, మీరు మళ్లీ అంటున్నారు గానీ మీ సంఘం లెక్కలో అది మళ్లీ కాదు, మొదటిసారే. అపొస్తలుల కార్యములు మొదటినుంచి చదవండి, వరుస ఎక్కడా తప్పదు: విన్నారు, నమ్మారు, ఆ తర్వాతే నీళ్లు. పెంతెకొస్తు రోజు దాదాపు 3,000 మంది చేర్చబడ్డారంటే వాళ్లంతా పేతురు మాట ఒప్పుకున్నవాళ్లే. 8వ అధ్యాయంలో ఇతియోపీయుడు దారిలో నీళ్లు కనబడగానే తనంతట తనే అడిగాడు. రోమా 6లో పౌలు దీన్ని క్రీస్తుతో పాతిపెట్టబడి లేవడంతో పోల్చాడు, పాతిపెట్టడమంటే నెత్తి మీద పిడికెడు మట్టి చల్లడం కాదుగా!
అయితే నీళ్లే రక్షిస్తాయని అనట్లేదు. సిలువ మీద దొంగకి బాప్తిస్మం ఎవరిచ్చారు? లోపల జరిగినదాన్ని పదిమంది ముందు ఒప్పుకోవడం ఇది. ఒప్పుకోలు ఎవరిది వాళ్లే చేయాలి, మన తరఫున అమ్మానాన్నలు చేస్తే కుదరదు.

నిదానం:
పిడికెడు మట్టి పోలిక బాగుంది, కానీ బ్రదర్ అంత తేలిగ్గా తేల్చేశారు. అదే పుస్తకం 16లో లూదియా ఇంటివారు, చెరసాల నాయకుడి ఇంటివారు మొత్తం బాప్తిస్మం పొందారు. అందులో పసిపిల్లలున్నారని రాయలేదు, లేరనీ రాయలేదు. కొలొస్సయి 2లో బాప్తిస్మాన్ని సున్నతి పక్కన పెట్టాడు పౌలు, సున్నతి ఎనిమిదో రోజునే కదా, ఆ బిడ్డ ఏం ఒప్పుకున్నాడు? మనం ఎంచుకోకముందే దేవుడు పిలిచాడని చెప్పడానికే మా దగ్గర పిల్లలకిస్తాం. పెద్దయ్యాక నిర్ధారణ అనే ఆచారంలో ఆ విశ్వాసం నాదే అని వాళ్లే చెప్తారు. కేథలిక్, ఆర్థడాక్స్, లూథరన్ సంఘాలేవీ ఒకసారి సక్రమంగా ఇచ్చినదాన్ని మళ్లీ ఇవ్వవు. అమ్మగారి బాధలో న్యాయముంది.
మసకవెలుతురు గారూ, ఒకటి అడుగుతాను, సభ్యత్వం షరతు లేకపోతే మీకు ఈ ఆలోచన వచ్చేదా? రాదంటే ఆగండి. వచ్చే నెల అన్నది వాళ్ల క్యాలెండర్, మీది కాదు.

చరిత్రపిచ్చి:
మీరిద్దరూ మూడు ప్రశ్నలు కలిపేసి కొట్టుకుంటున్నారు. ఏ వయసులో, ఎన్ని నీళ్లతో, రెండోసారి ఇవ్వొచ్చా, ఇవి వేర్వేరు. ఆర్థడాక్స్ వాళ్లు పసిబిడ్డల్నే మూడుసార్లు ముంచుతారు. అటువైపు 1525 జనవరి 21న జ్యూరిక్‌లో ఒక ఇంట్లో కాన్రాడ్ గ్రెబెల్, జార్జ్ బ్లౌరాక్ అనే మాజీ ప్రీస్టుకి బాప్తిస్మం ఇచ్చాడు, విశ్వాసుల బాప్తిస్మం ఉద్యమం మొదలైంది అక్కడే. ఆయన ముంచలేదు, నీళ్లు పోశాడు! ఆ ఉద్యమం నుంచి వచ్చిన మెనొనైట్ సంఘాల్లో చాలామంది ఇప్పటికీ పోస్తారు. ఇంగ్లిష్ బాప్తిస్టులు ముంచడమే పద్ధతి అని రాసుకున్నది 1644 లండన్ విశ్వాస ప్రకటనలో.
ఆ జ్యూరిక్ వాళ్లంతా మీలాగే చిన్నప్పుడు బాప్తిస్మం అయినవాళ్లే. జనం వాళ్లని మళ్లీ ముంచేవాళ్లు అన్నారు, వాళ్లేమో మాది రెండోది కాదు, మొదటిదే అన్నారు. ఆ ఒక్క మాటకి ఫెలిక్స్ మాంజ్‌ని 1527లో లిమ్మాట్ నదిలో ముంచి చంపేశారు, నీళ్లు కావాలన్నాడుగా తీసుకో అన్నట్టు. ఐదొందల ఏళ్లుగా తెగని గొడవ ఈ థ్రెడ్‌లో తెగదు లెండి.
చిలకరిస్తే చాలదా అన్నారు కదా. డిడాకే అనే తొలినాటి సంఘ క్రమంలో పారే నీళ్లు మంచిదనీ, దొరక్కపోతే వేరే నీళ్లనీ, చన్నీళ్లు కుదరకపోతే వేడినీళ్లనీ, ఏదీ సరిపడా లేకపోతే తల మీద మూడుసార్లు పోయమనీ ఉంది.

తడిచేతులు:
వాదనలు పెద్దవాళ్లకి వదిలేసి నీళ్ల సంగతి చెప్తా. నేను బాప్తిస్మాలప్పుడు పాస్టర్ గారి పక్కన నీళ్లలో నిలబడేవాణ్ణి. భయం ఉన్నవాళ్లు మీరొక్కరే అనుకోకండక్కా, ప్రతిసారీ ఒకరిద్దరుంటారు. చెప్పరు, అదే సమస్య, చివరి క్షణంలో బిగుసుకుపోయి మా మెడ పట్టుకుంటారు. ముందే చెప్పండి. నీళ్లు నడుము దాకానో ఛాతీ దాకానో ఉంటాయి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచండి, వెనక్కి వాల్చి లేపేది మేమే, రెండు మూడు సెకన్లు. ముక్కు మీద చేతిరుమాలు పట్టుకోవచ్చు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ అని వినిపిస్తుంది కదా, కుమార అన్నప్పుడు గాలి పీల్చి ఆపండి, మొదటినుంచీ బిగబడితే ఆగలేరు. వెనక్కి పడటమే భయమైతే మోకాళ్ల మీద కూర్చుని ముందుకి వంగి మునిగేలా చేయమని అడగండి. బట్టలు మందంగా, ముదురు రంగువి వేసుకోండి.

మసకవెలుతురు:
నిదానం గారి ప్రశ్న రెండు రోజులు నిద్ర పట్టనివ్వలేదు. షరతు లేకపోయినా తీసుకునేదాన్నే అనిపిస్తోంది, కానీ వచ్చే నెలకి మాత్రం కాదు. పాస్టర్ గారికి అదే చెప్పాను, నీళ్ల భయం గురించి కూడా. ఆయన నవ్వకుండా, ఒకరోజు ముందు ఖాళీ తొట్టిలో నిలబడి చూద్దువు గాని అన్నారు. అమ్మతో, మీరు ఆ రోజు ప్రార్థించారు కాబట్టే నేనింత దూరం వచ్చానన్నాను. ఏమీ అనలేదు, ఇంకా ముభావంగానే ఉంది.
తడిచేతులు తమ్ముడూ, కాంటాక్ట్ లెన్స్ తీసేయాలా?

తడిచేతులు:
తీసేయండక్కా. ఒకసారి ఒకాయనది తొట్టిలో జారిపోతే ఆరాధన అయ్యాక ముగ్గురం గంటసేపు వెతికాం, దొరకలేదు.