అప్‌డేట్: నాన్న జ్వరానికి కారణం తెలిసింది

నాన్నకి చలిజ్వరం, కాళ్ల మీద ఊదారంగు మచ్చలు, ఐసీయూలో పెట్టారు, కారణం తెలియట్లేదు అని రెండు వారాల క్రితం అడిగాను కదా. తెలిసింది. కాప్నోసైటోఫాగా కానిమోర్సస్. ఈ పేరు పలకడానికే నాకు రెండు రోజులు పట్టింది.

కుక్కల నోట్లో, పిల్లుల నోట్లోనూ మామూలుగా ఉండే బ్యాక్టీరియా ఇది. వాటినేమీ చేయదు. మనుషులకు దీనివల్ల జబ్బు రావడం చాలా అరుదు. కానిమోర్సస్ అంటే లాటిన్‌లో కుక్కకాటు, 1989లో పెట్టిన పేరు. మా కుక్క మాత్రం కరవలేదు. నాన్న బొటనవేలి గోరు పక్కన చిన్న చీలిక ఉంటే నాకింది, అంతే.

ఆ పోస్టు కింద "ఆయనకు ప్లీహం (స్ప్లీన్) ఉందా?" అని అడిగినవారికి చేతులెత్తి మొక్కాలి. ఇరవై ఏళ్ల కిందట యాక్సిడెంట్‌లో దెబ్బతింటే తీసేశారు. ఆ సంగతి మేమే మర్చిపోయాం! డాక్టర్‌గారికి చెప్పగానే ఆయన రాస్తున్న పెన్ను ఆగిపోయింది. రక్తంలో చేరిన ఇలాంటి బ్యాక్టీరియాని వడగట్టేది ప్లీహమేనట. పైగా ఇది చాలా నెమ్మదిగా పెరుగుతుంది. బ్లడ్ కల్చర్ (రక్తంలోని బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) ఐదో రోజుకి గానీ పాజిటివ్ రాలేదు. రిపోర్టు కోసం ఆగకుండా యాంటీబయాటిక్ ముందే మొదలుపెట్టారు కాబట్టి గండం గడిచింది.

ఇప్పుడు ఇంటికొచ్చారు. రెండు కాలివేళ్ల చివర్లు నల్లబడ్డాయి, ఏమవుతుందో చూడాలంటున్నారు. ప్లీహం లేదు కాబట్టి న్యుమోకాకల్, మెనింగోకాకల్ టీకాలు కూడా వేయించాలట.

కుక్కని ఎక్కడికీ పంపలేదు. మంచం దగ్గరకి రానివ్వట్లేదని గుమ్మంలో కూర్చుని మూలుగుతోంది.