బదిలీల మధ్య వర్చువల్ అసిస్టెంట్ వ్యాపారం: ఏ చిరునామాతో నమోదు చేయించుకోవాలి?

మావారు సైన్యంలో పనిచేస్తున్నారు; ప్రస్తుతం తిరుమలగిరిలోని సైనిక క్వార్టర్సులో ఉంటున్నాము. బదిలీల వల్ల నాకు స్థిరమైన ఉద్యోగం కుదరడం లేదు కనుక, చిన్న సంస్థలకు ఈమెయిళ్లు, అపాయింట్‌మెంట్లు, బిల్లుల లెక్కలు చూసిపెట్టే వర్చువల్ అసిస్టెంట్ పనిని ఇంటి నుంచే సొంత వ్యాపారంగా ప్రారంభించాలనుకుంటున్నాను. సేవలకు ఏడాది టర్నోవరు 20 లక్షల రూపాయలు దాటేవరకు సాధారణంగా జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదనీ, చిన్న వ్యాపారాలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ నమోదు ఉచితమనీ తెలుసుకున్నాను (దానికీ డబ్బులడిగే ఏజెంట్లకు కొదవ లేదు). అయితే కొందరు క్లయింట్లు జీఎస్టీ బిల్లే కావాలంటున్నారు. జీఎస్టీ నమోదేమో రాష్ట్రాలవారీగా ఉంటుంది. బదిలీ అయిన ప్రతిసారీ కొత్తగా తీసుకోవడం కన్నా, మల్కాజిగిరిలోని మా అత్తగారింటి చిరునామాతో చేయించుకోవడం మేలా? క్వార్టర్సు చిరునామా వాడుకోవడానికి యూనిట్ నుంచి ఎవరైనా అనుమతి పొందారా? ఈ పని చేస్తున్న సైనిక కుటుంబాల సోదరీమణులు, మొదటి క్లయింట్లు ఎలా దొరికారో కూడా దయచేసి తెలుపగలరు.