పెళ్లి కార్డుల ఆర్డర్‌ని మతం చూసి వద్దనొచ్చా? చట్టం తెలిసినవాళ్లు చెప్పండి

చిక్కడపల్లి ప్రింటర్:
చిక్కడపల్లిలో మాది చిన్న ప్రింటింగ్ షాపు. పెళ్లి కార్డులు, బిల్ బుక్కులు, కరపత్రాలు, ఫ్లెక్సులు, ఏది వస్తే అది. నేనూ మా బామ్మర్దీ సగం సగం. వాడికి భక్తి ఎక్కువ. కంప్యూటర్ పక్కన వేంకటేశ్వరస్వామి పటానికి అగరొత్తి వెలిగిస్తే గానీ మెషీన్ ఆన్ కాదు. దాంతో నాకే ఇబ్బందీ లేదు.

మాకు పాత కస్టమర్ ఒకాయన ఉన్నాడు, పాస్టర్. ఏటా క్యాలెండర్లు మా దగ్గరే వేయిస్తాడు. మొన్న రెండు పనులు పట్టుకొచ్చాడు. ఒకటి సువార్త సభల కరపత్రం, అందులో ఒక పేరా విగ్రహాల మీద కాస్త ఘాటుగానే ఉంది. రెండోది కూతురి పెళ్లి కార్డు. పైన మత్తయి సువార్త వాక్యం, మధ్యలో రెండు ఉంగరాల బొమ్మ, అంతే. నేను పేపర్ కొనడానికి వెళ్లిన టైంలో బామ్మర్ది రెండూ వద్దన్నాడు. "ముహూర్తాల సీజనండీ, ఖాళీ లేదు" అన్నాడట. ఆయన ఇంకా కుర్చీలో ఉండగానే వేరేవాళ్ల శుభలేఖకి అడ్వాన్స్ తీసుకున్నాడట! పాస్టర్ గారు లేచి వెళ్లిపోయి, సాయంత్రం నాకు ఫోన్ చేసి "ఏమైనా పొరపాటు జరిగిందా బ్రదర్" అన్నాడు. ఏం చెప్పను?

మావాడి వాదన: "షాపు మనది, భక్తి నాది. అమెరికాలో కేకు షాపువాడు గెలవలేదా?" నీతులు వద్దు, అవి మా ఆవిడ చెప్తోంది (తన తమ్ముడే కాబట్టి మెల్లగా చెప్తోంది). చట్టం కావాలి.

నాంపల్లి నల్లకోటు:
రాజ్యాంగం 15వ అధికరణంలో మొదటి క్లాజు ప్రభుత్వానికి, రెండోది మీకూ నాకూ. మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు, కేవలం వీటిని చూపించి ఏ పౌరుణ్నీ దుకాణాలు, హోటళ్ల దగ్గర ఆపకూడదు. "లోపలికి రానిచ్చాంగా, పని మాత్రం చేయం" అనే తెలివితేటలకి 1948 నవంబరులోనే జవాబొచ్చింది. దుకాణం అంటే గుమ్మం దాటనివ్వడం ఒక్కటే కాదు, షరతులు ఒప్పుకున్నవాడికి సేవ చేయడం కూడా అని రాజ్యాంగ సభలో అంబేడ్కర్ చెప్పారు. 2011లో ఇండియన్ మెడికల్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు ఆ వివరణనే పట్టుకుని ప్రైవేటు విద్యాసంస్థలని కూడా ఈ క్లాజు కిందికి తెచ్చింది.

ఇక "భక్తి నాది" అనేది 25వ అధికరణం, మతస్వేచ్ఛ హక్కు. ఆ హక్కు ప్రజాశాంతికీ నైతికతకీ ఆరోగ్యానికీ, రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుల భాగంలోని మిగతా నిబంధనలకీ లోబడే ఉంటుంది. 15 ఉన్నది ఆ భాగంలోనే.

ఒక లోటు మాత్రం ఉంది. మతం చూసి కాదన్న ప్రైవేటు షాపుకి ఇంత శిక్ష అని చెప్పే కేంద్ర చట్టం విడిగా లేదు. అంటరానితనం కోణం తగిలితే 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ఉంది. సరుకు అమ్మనన్నా, సేవ చేయనన్నా నెల నుంచి ఆరు నెలల జైలు, జరిమానా అదనం. మీవాడు మతం అనుకుని అన్న మాట అవతలివాళ్లకి కులంగా వినబడటానికి మన దగ్గర ఎంతసేపు పడుతుంది?

భాగ్యనగర్ బాద్‌షా:
నీ షాపు నీ ఇష్టం. వాళ్లేమైనా మన దగ్గర కొంటున్నారా?

చిక్కడపల్లి ప్రింటర్:
కొంటున్నారు బ్రదర్. క్యాలెండర్ల బిల్లులు చూపించమంటావా?

డల్లాస్ బాబాయ్:
మీ బామ్మర్ది కేకు కథ సగమే విన్నాడు. స్వలింగ జంట పెళ్లికి కేకు చేయనన్న కొలరాడో బేకరీ ఆయన 2018లో అమెరికా సుప్రీంకోర్టులో 7-2తో గెలిచింది అక్కడి పౌరహక్కుల కమిషన్ ఆయన మతాన్ని చులకన చేసిందన్న కారణం మీద. కాదనే హక్కు ఉందా లేదా అన్న అసలు ముడి కోర్టు విప్పలేదు. 2023లో, స్వలింగ పెళ్లిళ్లకి వెబ్‌సైట్లు చేయనన్న డిజైనర్ 6-3తో గెలిచింది కూడా భావప్రకటన మీద, మతం మీద కాదు. నా మతం ఒప్పుకోదు, నల్లవాళ్లకి వడ్డించనన్న సౌత్ కరోలినా బార్బెక్యూ ఓనరు వాదనని 1968లోనే అమెరికా సుప్రీంకోర్టు పసలేనిదని తోసేసింది.

మీకు పనికొచ్చేది బెల్‌ఫాస్ట్ కేసు. ఆషర్స్ అనే బేకరీని స్వలింగ వివాహాన్ని సమర్థించే నినాదం కేకు మీద రాయమంటే రాసేది లేదన్నారు. 2018లో బ్రిటన్ సుప్రీంకోర్టులో అయిదుగురు జడ్జీలూ బేకరీ పక్షమే: వాళ్లు కాదన్నది నినాదాన్ని, వచ్చిన మనిషిని కాదు. అదే కోర్టు 2013లో, స్వలింగ జంటకి డబుల్ రూమ్ ఇవ్వనన్న కార్న్‌వాల్‌లో హోటల్ నడిపే క్రైస్తవ దంపతులని ఓడించింది. మీ కరపత్రం మొదటి కేసు లాంటిది, పెళ్లి కార్డు రెండోదాని లాంటిది.

ఛత్తా బజార్ రుక్కావాలా:
భయ్యా, మాది అబ్బాజాన్ కాలం నుంచి రుక్కాల పని, అంటే పెళ్లి కార్డులు. బిస్మిల్లా కార్డులు కొడ్తం, గణపతి కార్డులు కొడ్తం. మా సిస్టంల గణపతి బొమ్మలు ఒక ఫోల్డర్ నిండ ఉన్నయ్, నిలబడ్డది, కూసున్నది, ఆకుల ఉన్నది. కస్టమర్ సతాయిస్తడు, తొండం ఇటు తిప్పు అటు తిప్పు అని. నా ఈమాన్‌కు ఏం కాలే. కార్డు మీద ఉన్నది వాళ్ల పేర్లు, వాళ్ల ఇంటి పండుగ.

కరపత్రమైతే వేరే ముచ్చట. ఎవరి దేవున్ని తిట్టినా నేను కొట్ట. మా దాంట్లనే ఒకాయన ఇంకో జమాత్ మీద రాసుకొచ్చిండు, వాపస్ ఇచ్చిన. అట్ల అందరికి ఒకటే రూల్ పెట్టుకో, ఎవ్వడు ఏమనడు.

నాంపల్లి నల్లకోటు:
రుక్కావాలా భాయ్ మాటకి చట్టం తోడుంది. భారతీయ న్యాయ సంహిత 299వ సెక్షన్, పాత ఐపీసీలో 295ఏ. కావాలని, దురుద్దేశంతో మతాన్ని అవమానిస్తే నేరం. "మేం విగ్రహాలని పూజించం" అంటే అందులోకి రాదు. పేరా చదివి తేల్చుకోండి, ఏది వేసినా ప్రూఫ్ మీద సంతకం తీసుకోండి.

చిక్కడపల్లి ప్రింటర్:
అందరికీ థాంక్స్. పెళ్లి కార్డు నేనే కూర్చుని చేశా. పెళ్లికూతురే వచ్చి ఉంగరాల బొమ్మ మరీ పాతకాలంగా ఉందని తీయించి ఆలివ్ కొమ్మ పెట్టించుకుంది, బాగానే వచ్చింది. కరపత్రం మీద మాత్రం తెగలేదు. ఆ పేరా మార్చమన్నా. "వాక్యంలో ఉన్నదే రాశాను, మార్చను" అన్నారు. సరే, అది ఇంకో షాపులో వేయించుకుంటారు, క్యాలెండర్లు మాకే అన్నారు.

బామ్మర్దికి ఈ లింక్ పంపా. మొత్తం చదివి ఒకే ప్రశ్న అడిగాడు: "ఆ లాయర్ మనోడేనా?"